పిటిషన్‌లో రాయని కారణం

విడాకుల పిటిషన్ ఎప్పుడైనా చదివారా? ఆ అవసరం ఎవరికీ రాకూడదు గానీ, ఓ నాలుగు పిటిషన్లు వరసగా చదివితే ఒక సంగతి ఇట్టే తెలుస్తుంది. అన్నీ ఒకే మనిషి రాసినట్టుంటాయి. ఫలానా తేదీన, ఫలానా కల్యాణ మండపంలో, పెద్దల సమక్షంలో, హిందూ సంప్రదాయం ప్రకారం వివాహం జరిగినది. కట్నం కింద ఇంత నగదు, ఇన్ని కాసుల బంగారం, ఆడపడుచు లాంఛనాలు ఇంత ముట్టజెప్పడమైనది. కొంతకాలం కాపురం సజావుగా సాగినది. పిదప రెస్పాండెంటు శారీరకంగాను, మానసికంగాను హింసించసాగెను. భార్య వేసిన పిటిషన్ ఇలా నడుస్తుంది. భర్త వేసినదైతే, పెద్దలయందు గౌరవం లేక చీటికిమాటికి అలిగి పుట్టింటికి పోవుచుండెను అని ఉంటుంది. ఇంగ్లీషులో రాసినా తెలుగులో రాసినా పాట ఒక్కటే. ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీసు చేసే వకీలుని కాబట్టి ఇలాంటి పేరాలు నేనూ రాశాను, ఇప్పటికీ రాస్తున్నాను.

రాయక తప్పదు. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. విడాకులకు ఏ కారణాలు పనికొస్తాయో దాని 13వ సెక్షన్ చెబుతుంది. పరాయి సంబంధం, క్రూరత్వం, రెండేళ్లకు తక్కువ కాకుండా వదిలేసి పోవడం, మతం మారడం, నయంకాని మానసిక వ్యాధి, ఏడేళ్లుగా ఐపు లేకపోవడం, సన్యాసం పుచ్చుకోవడం, ఇలా కొన్ని. సన్యాసం పుచ్చుకున్న మొగుడి మీద కేసు ఇంతవరకు నా దాకా రాలేదు. మిగతావాటిలో ఎక్కువగా చేరేది క్రూరత్వం కిందికే. దానికి చట్టంలో నిర్వచనం లేదు, జడ్జిగారు కేసును బట్టి చూసుకోవాలి. అందుకని ఇంట్లో ఏం జరిగినా ఆ మాట కింద సర్దేయవచ్చు. ఇంకో సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. మొగుడు కొడుతున్నాడన్నది 1976 దాకా విడాకులకు నేరుగా కారణమే కాదు. క్రూరత్వం రుజువైతే కోర్టు విడిగా ఉండమనేది, అంతే. పెళ్లి అలాగే ఉండేది. ఆ ఏడు చట్టం సవరించాకే క్రూరత్వానికి విడాకులు ఇవ్వడం మొదలైంది. ఇద్దరూ ఇష్టపడి విడిపోయే వీలు కూడా ఆ సవరణతోనే వచ్చింది.

సరే, ఇదంతా కాగితం మీద సంగతి. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది, మొగుడూ పెళ్లామూ 'ఇక చాలు' అని నిజంగా ఎప్పుడు అనుకుంటారు, ఎందుకు అనుకుంటారు అన్నది. వకీలు దగ్గరకు వచ్చే నాటికి ఆ అనుకోవడం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఏడాది కిందటో, మూడేళ్ల కిందటో. ఆ మధ్య కాలమంతా పైకి కాపురం నడుస్తూనే ఉంటుంది. కరెంటు బిల్లు కడతారు, పెళ్లిళ్లకు కలిసే వెళతారు, ఫొటోలు దిగుతారు.

కేసు తీసుకునే ముందు నేను ఆ సంగతే అడుగుతాను. ఎప్పుడనుకున్నారమ్మా, ఎప్పుడనుకున్నారండీ అని. వాళ్లు చెప్పేవి పిటిషన్‌లో రాయడానికి పనికిరావు. ఇప్పుడు చెప్పబోయేవి ఒక్క ఇంటివి కావు, అక్కడా ఇక్కడా విన్నవి కలిపి చెబుతున్నాను. అత్తింట్లో చాలా పడింది ఒకమ్మాయి. జీతం పడ్డ రోజే ఏటీఎం కార్డు అత్తగారి చేతికి ఇవ్వాలి, చీర కొనాలన్నా అడగాలి. ఇవేవీ చెప్పలేదు. తండ్రి ఊరినుంచి మామిడిపళ్ల బుట్ట మోసుకుని వచ్చాడట. ముందుగదిలో రెండు గంటలు కూర్చున్నాడు, ఎవరూ మంచినీళ్లు ఇవ్వలేదు. ఆ అమ్మాయి ఆఫీసునుంచి వచ్చేసరికి ఆయన బస్సుకి టైమైందని లేచాడు. రాత్రి భర్తని అడిగింది. "అయితే ఇప్పుడేమంటావు?" అన్నాడు అతను, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "అంతే మేడమ్, ఆ రోజు అయిపోయింది" అంది. ఆ తరవాత కూడా ఆ ఇంట్లోనే ఏడాదికి పైగా వండి పెట్టింది.

మగవాళ్లకూ ఇలాంటివి ఉంటాయి. భార్య పురిటికి పుట్టింటికి వెళ్లింది. పెళ్లినాటి డబ్బుల పేచీ ఏదో మామగారికీ ఇతని తండ్రికీ మధ్య నడుస్తోంది. కొడుకు పుట్టాడు. బారసాల ఎప్పుడని ఇతను రెండుసార్లు ఫోన్ చేశాడు, ముహూర్తం ఇంకా చూడలేదన్నారు. ఒకరోజు బావమరిది వాట్సాప్ స్టేటస్‌లో ఉయ్యాల, పూలు, బియ్యంలో రాసిన పేరు కనిపించాయి. కొడుకు పేరు అలా తెలిసింది అతనికి. భార్యని అడిగితే "నాన్నగారు వద్దన్నారు, నేనేం చేయను" అందట. ఇలాంటివి చెప్పేటప్పుడు కోపంగా చెప్పరు. అదే నాకు గుర్తు. కోపం ఉన్నంతకాలం కేసు వెనక్కి తీసుకునే ఆశ ఉంటుంది.

మంచినీళ్లు ఇవ్వనందుకే విడాకులా, బారసాలకు పిలవనందుకేనా అని శ్రోతల్లో ఎవరైనా అనుకుంటే తప్పులేదు. కోర్టు వరండాలో పెద్దవాళ్లు సరిగ్గా ఇదే అంటారు. కానీ తెగింది నీళ్ల దగ్గర కాదు. చెప్పుకుంటే 'అవును, తప్పే' అనేవాడు ఈ ఇంట్లో లేడని ఆ రాత్రి తేలిపోయింది, అక్కడ. గొడవపడే మొగుడూ పెళ్లాలు ఏళ్లకేళ్లు కాపురం చేస్తారు. గొడవ పడుతున్నారంటే ఎదుటి మనిషి వింటాడన్న నమ్మకం ఇంకా ఉందన్నమాట. ఆ నమ్మకం పోయాక ఇంట్లో గొడవలు తగ్గుతాయి. 'ఈమధ్య బాగానే ఉంటున్నారే!' అని చుట్టాలు సంతోషించేది ఆ రోజుల్లోనే.

మన దగ్గర దీనికి తోడు ఇంకో తద్దినం ఉంది. పెళ్లి ఇద్దరిది కాదు, రెండిళ్లది అంటాం, గొప్పగా చెప్పుకుంటాం కూడా. రెండిళ్లు చేసిన పెళ్లిని ఆ రెండిళ్లే చెడగొట్టడం కూడా కోర్టులకు కొత్త కాదు. సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చిన కేసు ఒకటి ఉంది. సికింద్రాబాద్ ఫ్యామిలీ కోర్టులో మొదలై ఢిల్లీ దాకా పోయింది. పేర్లు మనకెందుకు. పెళ్లి 1999 ఏప్రిల్ 25న. మర్నాడే ఇరువైపుల పెద్దలకీ మాటా మాటా పెరిగి తిట్లదాకా వెళ్లింది, చెప్పులు విసురుకున్నారు. ఇది నా వర్ణన కాదు, తీర్పులోనే ఉంది. 27వ తేదీకల్లా పెళ్లికొడుకు ఒక ఇంట్లో, పెళ్లికూతురు ఒక ఇంట్లో. కాపురం మొదలే కాలేదు. ఆ తరవాత ఆమె ఫిర్యాదులు, అతని కేసులు, ఒక కోర్టు విడాకులిస్తే పై కోర్టు కొట్టేయడం, ఇలా పద్నాలుగేళ్లు. చివరికి సుప్రీంకోర్టు విడాకులు ఇచ్చింది. ఆమెకు శాశ్వత భరణం కింద 15 లక్షల రూపాయలు ఇమ్మంది. పీటలమీద కూర్చున్నవాళ్లు అక్కడినుంచి లేచేసరికి అన్నేళ్లు గడిచాయన్నమాట.

ఆ చెప్పులు విసిరిన పెద్దల్లో ఒక్కరైనా ఆ రాత్రి 'పిల్లలిద్దరినీ ఒకచోట కూర్చోబెడదాం, వాళ్లేమంటారో విందాం' అన్నారో లేదో తీర్పులో లేదు. సుప్రీంకోర్టు మాత్రం అదే తీర్పులో చెప్పింది, ఇలాంటి తగాదాలు ముదరకముందే మధ్యవర్తుల దగ్గరకు పంపమని, కేసు వేయకముందే వచ్చి మాట్లాడుకునే ఏర్పాటు మీడియేషన్ సెంటర్లలో ఉండాలని. పంచాయితీ పెట్టడం మనకు కొత్తేం కాదు కదా, ఊరి పెద్దమనుషులు చేస్తున్నదీ అదే కదా అంటారేమో. ఆ పంచాయితీలు నేను చూశాను. అటు పదిమంది, ఇటు పదిమంది. కట్నం లెక్క, పెట్టుపోతల లెక్క, ఎవరు ఎవర్ని 'నువ్వు' అన్నారన్న లెక్క. మూడు గంటలు గడిచినా ఆ అమ్మాయిని నోరు తెరవనివ్వరు. అల్లుడుగారైతే ఫోన్ చూసుకుంటూ గోడకు ఆనుకుని నిలబడతాడు. చివర్లో ఒకరు లేచి "సర్దుకుపోవాలమ్మా" అంటారు. ఆ మాట అబ్బాయికి చెప్పగా నేను వినలేదు.

ఇప్పటిదాకా ఉద్యోగస్తుల ఇళ్ల గురించే చెప్పాను. కూలీనాలీ చేసుకునే ఇళ్లలో కారణం వెతకాల్సిన పనిలేదు, సాయంత్రానికి వాసన వస్తుంది. కానీ అక్కడ ఆడవాళ్లు కోర్టు దాకా రావడం తక్కువ. వాయిదాకి వెళితే ఆ రోజు కూలి పోతుంది, పిల్లల్ని చూసే దిక్కు ఉండదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో ఏం చేశారో మీకు గుర్తుండే ఉంటుంది. మొగుళ్లని వదిలేసే దారి వాళ్లకు లేదు, అందుకని సారాకొట్టు మూయించారు. అక్కడ అంటుకున్నది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్లకే అది ఎత్తేశారు, అది వేరే కథ. చరిత్ర పుస్తకాల్లో దాన్ని సారా వ్యతిరేక ఉద్యమం అంటారు. వకీలుగా నాకు మాత్రం అది విడాకుల పిటిషన్ వేయలేని ఆడవాళ్లు ఊరంతా కలిసి వేసిన పిటిషన్‌లాగే కనిపిస్తుంది.

కొట్టడం దగ్గర ఇంకో ముడి ఉంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్లను ఒక ప్రశ్న అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లినా, ఎదురు మాట్లాడినా, కూర సరిగా వండకపోయినా, అత్తమామల్ని గౌరవించకపోయినా, ఇలా ఏడు సందర్భాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త కొట్టడం సమంజసమేనా అని. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి 80 మందికి పైగా ఏదో ఒకదానికి సమంజసమే అన్నారు. దేశంలో అన్నిటికంటే పైన ఉన్న అంకెల్లో మనవీ ఉన్నాయి. అదే సర్వేలో భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 30 మంది, తెలంగాణలో దాదాపు 37 మంది.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి అర్థమవుతుంది. చెంపదెబ్బ తిన్న రోజున ఎవరూ విడాకుల గురించి ఆలోచించరు. అది మామూలే అని తల్లి చెప్పింది, వదిన చెప్పింది, తనకీ లోపల అలాగే ఉంది. ఆ 'మామూలే' ఎక్కడో ఒకచోట విరగాలి. కొందరికి పిల్ల ఎదిగాక విరుగుతుంది. పదేళ్ల కూతురు అడ్డం వస్తే దానిమీద కూడా చెయ్యి లేచిందని చెబుతూ ఒకావిడ, "నన్ను కొట్టినన్నాళ్లూ నాకేం అనిపించలేదండీ" అంది. ఆ మాట పిటిషన్‌లో పెడితే ఎదుటి వకీలు పట్టుకుంటాడు, అన్నాళ్లూ క్రూరత్వం లేదని ఆవిడే ఒప్పుకుంది చూడండి అని. అందుకని పెట్టలేదు.

ఇక 'ఈ కాలం పిల్లలకు ఓర్పు లేదు, మా రోజుల్లో ఇలా ఉండేదా' అన్న మాట. పెళ్లికి పోయినా చావుకి పోయినా వినపడుతుంది. నేను దీన్ని ఒప్పుకోను. మీ పాత వీధి ఒకసారి తలుచుకోండి. అన్నగారింట్లో వెనక వసారాలో ఉండి, అప్పడాలు ఒత్తుతూ, మేనల్లుళ్లకు తలంటుతూ బతికిన అత్తయ్య ఒకరు లేని వీధి ఉందా? ఆవిడకు మొగుడున్నాడు. ఇంకో ఊళ్లో ఇంకో ఆవిడతో ఉన్నాడు. మొదటి భార్య ఉండగా ఇంకో పెళ్లి చేసుకోవడం కోస్తా, రాయలసీమల్లో నేరమైందే 1949 మద్రాసు చట్టంతో. ఆ అత్తయ్యకు విడాకులు కాలేదు కాబట్టి ఆ కాపురం నిలిచినట్టే లెక్కవేసుకున్నాం. 2011 జనాభా లెక్కల్లో విడాకులు పుచ్చుకున్నవాళ్లు దేశం మొత్తంమీద 13 లక్షల పైచిలుకు. విడాకులు లేకుండానే విడిగా ఉంటున్నవాళ్లు అంతకు రెండింతలు దాటి ఉన్నారు. రెండు లెక్కల్లోనూ ఆడవాళ్లే ఎక్కువ. మగవాళ్లు మళ్లీ పెళ్లి చేసుకుని ఆ గడిలోంచి బయటపడిపోతారు.

చాలా కులాల్లో పెద్దమనుషుల ముందు తెగతెంపులు చేసుకోవడం, మారుమనువు వెళ్లడం కోర్టులు రాకముందే ఉన్నాయి. అలాంటి ఆచారాన్ని 1955 చట్టం కూడా కొట్టేయలేదు. విడిపోవడం తెలియనిదీ, విడిపోతే మాట పడేదీ ఎక్కువగా పైకులాల ఇళ్లలోనే. 'మన సంప్రదాయంలో విడాకులు లేవు' అన్నప్పుడు ఎవరి సంప్రదాయం అని అడగాల్సి ఉంటుంది.

ఈ చరిత్రలో మన రాజమండ్రి ఆడపిల్ల ఒకరున్నారు. దుర్గాబాయి. 1909లో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఎదిగాక ఆ కాపురానికి వెళ్లనన్నారు, పుట్టింటివాళ్లు కాదనలేదు. చదువుకుని లాయరయ్యారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1953లో చింతామణ్ దేశ్‌ముఖ్‌ను పెళ్లి చేసుకున్నారు. అదే ఏడు చైనా వెళ్లి అక్కడ కుటుంబ తగాదాలు విడిగా విచారించే కోర్టులు చూసి వచ్చి, మనకూ అలాంటివి కావాలని నెహ్రూగారికి చెప్పారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం వచ్చేసరికి 1984 అయింది. అప్పటికి ఆవిడ పోయి మూడేళ్లు. ఆ చట్టం ప్రకారం జడ్జిగారు ముందు రాజీ కుదురుతుందేమో చూడాలి. మా వకీళ్లకు అక్కడ మాట్లాడే హక్కు దానంతట అది రాదు, కోర్టు అనుమతించాలి. అంటే ఆ కోర్టు పెట్టిందే భార్యాభర్తల నోటివెంట వినడానికి. ఆచరణలో మా గౌన్లే ఎక్కువ కనిపిస్తాయి, అది వేరే సంగతి.

మరి ఈ కాలంలో మారిందేమిటి? కారణాలు మారలేదు. బయటికి నడిచాక బతకగలనన్న ధైర్యం కొత్తది. అమ్మాయికి జీతం ఉంటే పుట్టింటి గుమ్మం దగ్గర వదిన మొహం చూడక్కర్లేదు. 'చదువులు ఎక్కువై కాపురాలు కూలుతున్నాయి' అనేవాళ్లు ఉన్నారు. చదువు కాపురం కూల్చదు. కూలిన కాపురంలోంచి బయటికి రావడానికి బస్సు ఛార్జీ ఇస్తుంది. అలా బయటికి వచ్చేవాళ్లలో ఈమధ్య ఇంకో రకం కనిపిస్తున్నారు, ఏభై దాటినవాళ్లు. "అమ్మాయి పెళ్లయ్యేదాకా ఆగాను" అంటారు. సంబంధాలు చెడిపోతాయని ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో రెండు గదుల్లో బతికారు. ఇద్దరూ ఇష్టపడి విడిపోవడానికి చట్టం అడిగే 'విడిగా ఉండటం' అంటే వేరే ఇల్లే అక్కర్లేదు. ఒకే కప్పు కింద ఉంటూ భార్యాభర్తలుగా బతకకపోయినా అదీ విడిగా ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 1991లోనే అంది. ఆ లెక్కన మన వీధుల్లో ఎందరు విడిగా ఉన్నారో!

అమెరికా సంబంధాల సంగతి చెప్పకపోతే తెలుగు రేడియోలో ఈ ప్రసంగం సగమే అవుతుంది. హెచ్-1బీ వీసా మీద ఉన్న అబ్బాయికి సెలవు రెండు వారాలు. ఆ రెండు వారాల్లో పెళ్లిచూపులు, పెళ్లి, వీసా ఇంటర్వ్యూ. అమ్మాయి హెచ్-4 మీద వెళుతుంది. 2015 మే దాకా ఆ వీసా మీద ఉన్నవాళ్లకు అక్కడ ఉద్యోగం చేసే వీలే ఉండేది కాదు. ఇప్పుడైనా భర్త గ్రీన్ కార్డు పని ఒక దశకు వస్తేనే వీలు. ఇక్కడ ఇంజనీరుగా జీతం తెచ్చుకున్న పిల్ల అక్కడ నిద్రలేస్తే మాట్లాడటానికి ఒక్క మనిషి ఉండడు. మధ్యాహ్నం తల్లికి ఫోన్ చేద్దామంటే ఇక్కడ అర్ధరాత్రి. అబ్బాయి చెడ్డవాడే కానక్కర్లేదు. చెప్పుకోవడానికి భర్త తప్ప ఇంకెవరూ లేనిచోట, ఆ ఒక్కడూ ఆఫీసు అలసటలో వినకపోతే ఏమవుతుందో ఊహించండి.

అక్కడ తీసుకున్న విడాకులు ఇక్కడ చెల్లుతాయా అన్నది కూడా మన తెలుగువాళ్ల కేసులోనే తేలింది. తిరుపతిలో పెళ్లయింది. భర్త అమెరికాలో మిజోరి రాష్ట్రం కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు. వచ్చి యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. 1991లో సుప్రీంకోర్టు ఆ అమెరికా డిక్రీ ఇక్కడ చెల్లదంది. ఆమె ఆ కోర్టు పరిధికి ఒప్పుకోలేదు. పైగా 'పెళ్లి ఇక బాగుపడనంతగా చెడింది' అన్న కారణం మీద అక్కడ విడాకులిచ్చారు, మన హిందూ వివాహ చట్టంలో ఆ కారణమే లేదు. ఇవాళ్టికీ లేదు. పెట్టమని లా కమిషన్ 1978లో చెప్పింది, సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. చివరికి 2023 మేలో రాజ్యాంగ ధర్మాసనం, తనకున్న ప్రత్యేక అధికారంతో ఆ కారణం మీద తాను విడాకులు ఇవ్వగలనంది. సుప్రీంకోర్టు మాత్రమే ఇవ్వగలదు. మచిలీపట్నంలోనో కరీంనగర్‌లోనో కేసు వేసుకున్నవాళ్లు 'మాకు పడటం లేదు' అంటే చాలదు. ఒకరు తప్పు చేసినట్టు రుజువు కావాలి. అందుకే జరగనివి కూడా రాస్తారు, లేని క్రూరత్వం కూడా వండుతారు. పడనివాళ్లని శత్రువుల్ని చేసేది ఆ రాతలే. ఈ ఒక్క విషయంలో చట్టం మారాలని నేను గట్టిగా అనుకుంటాను. 'అలా అయితే మొగుళ్లు సులువుగా వదిలించుకుంటారు' అన్న ఆడవాళ్ల భయం కూడా నిజమే. భరణం, ఆస్తిలో వాటా ముందు గట్టిగా రాసి అప్పుడు మార్చాలి.

తప్పు ఎవరిదీ రాయకుండా విడిపోయే దారి ఒకటుంది. కోర్టు వరండాలో దాన్ని 'మ్యూచువల్' అంటారు. ఇద్దరూ కలిసి పిటిషన్ వేస్తారు, ఆరు నెలలు ఆగుతారు, మళ్లీ వచ్చి అదే మాట చెబుతారు. ఆ ఆరు నెలలూ తప్పనిసరి కాదని, రాజీకి ఏ దారీ లేదని తేలితే కోర్టు మినహాయించవచ్చని 2017లో తీర్పు వచ్చింది. చాలామంది మినహాయింపే అడుగుతారు. మ్యూచువల్‌కి ఒప్పుకునే ముందు లెక్కలు తేలాలి కదా, అక్కడ ఒక వింత ఉంది. లక్షల భరణం ఒక్క పూటలో కుదురుతుంది. సామాన్ల దగ్గర ఆగిపోతుంది.

అమ్మాయి తరఫువాళ్లు జాబితా తెస్తారు. బీరువా, డబుల్ కాట్, ఫ్రిజ్, మిక్సీ, వెండి కంచం, కుంకుమ భరిణ, ఇత్తడి గంగాళం, స్టీలు బిందెలు రెండు. బిందెల మీద మిషన్‌తో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంటుంది. అమ్మాయి పేరు, పక్కన అబ్బాయి పేరు, కింద పెళ్లి తేదీ. ఒక కేసులో రెండో బిందె కనపడలేదు. పెద్ద ఖరీదేం కాదు, కొత్తది కొనిస్తామన్నారు అబ్బాయి తరఫువాళ్లు. అమ్మాయి తల్లి ససేమిరా అంది. ఆ బిందె కోసం రెండు వాయిదాలు పోయాయి. మా జూనియర్లు నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ తల్లి కొట్లో నిలబడి అక్షరాలు చెప్పి కొట్టించిన బిందె అది. కూతురు ఫోన్ చేసి ఏడ్చినప్పుడల్లా "సర్దుకో తల్లీ" అన్నది కూడా ఆవిడే. బిందె గురించి అంతగా పోట్లాడిన మనిషి కూతురి గురించి ముందే పోట్లాడి ఉంటే బాగుండునని నాకు అనిపించింది. పైకి అనలేదు.

పిల్లల విషయం ప్రత్యేకంగా ఇంకో ప్రసంగం కావాలి. ఒక్క ముక్క మాత్రం చెబుతాను. జడ్జిగారు పిల్లల్ని ఛాంబర్‌లోకి పిలిచి మాట్లాడతారు. ఆరు రోజులుగా ఇంట్లో నేర్పించిన జవాబు చెప్పేసి, "అంకుల్, అమ్మా నాన్నా ఇద్దరూ ఉన్న ఇల్లు లేదా?" అని అడిగే పిల్లలు ఉంటారని ఆ ఛాంబర్లలో కూర్చున్నవాళ్లు చెబుతారు. పిల్లల కోసం కలిసి ఉండాలా అంటే, ఆ జవాబు ఇంటింటికీ వేరు. రోజూ తల్లి దెబ్బలు తినడం చూసే పిల్లకు ఆ 'ఇద్దరూ ఉన్న ఇల్లు' మేలు చేయదు.

ఇంత విన్నాక, మా ఇంట్లో కూడా ఇలాంటిదే నడుస్తోంది అనుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే, రెండు మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు, ఆదాయం ఎంతున్నా సరే, అక్కడ వకీలుని ఉచితంగా ఇస్తారు. 15100 నంబరుకి ఫోన్ చేసినా సలహా చెబుతారు. ఇంట్లో హింస జరుగుతుంటే 181, మహిళా హెల్ప్‌లైన్. కేసు వేయకముందు కూడా ఈ సంస్థ దగ్గరకు వెళ్లవచ్చు. ఇద్దర్నీ పిలిపిస్తారు, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు, ఆ తరవాత ఎదురెదురుగా కూర్చోబెడతారు. పది మంది చుట్టాల్ని వెంటేసుకుని మాత్రం వెళ్లకండి. వాళ్లని బయటే కూర్చోబెడతారు.